టేకు చేప నడుం వంచిన కథ

ఒకప్పుడు టేకు చేప ఇప్పటిలా అప్పడంలా ఉండేది కాదు. నిండుగా, నున్నగా, బూడిదగుమ్మడికాయకి తోక మొలిచినట్టు ఉండేది. నోరు ముందువైపే ఉండేది. కళ్ళు అటొకటీ ఇటొకటీ ఉండేవి. నీళ్ళ నడుమన దర్జాగా ఈదేది. అడుగున ఉన్న ఇసుక మొహం కూడా చూసేది కాదు.

ఆ కాలంలో ఒక పొడుగాటి ఇసుకతీరం ముందు నూకాలు అనే టేకు కాపురముండేది. ఆ తీరంలో ఒక రాయి లేదు, ఒక నాచుతీగ లేదు. ఎటు చూసినా ఇసుకే. రాళ్ళ సందుల్లో బతికే చేపలు ఆ వంక చూసి, అక్కడేం దొరుకుతుందిలే అని మూతి తిప్పుకునేవి. వాటికి తెలీదు గానీ, అక్కడ బతుకులు చక్కగా సాగిపోయేవి.

ఎలాగంటారా? కొండల మీద వాన పడితే ఏరు పొంగేది. దారిలో ఉన్న ఆకూ అలమూ మోసుకొచ్చి, తను సముద్రంలో కలిసే మొగ దగ్గర కుమ్మరించేది. ఒడ్డున విరిగే అల దాన్ని తిరగలిలో పోసినట్టు తిప్పి తిప్పి మెత్తటి పిండి చేసేది. ఆ పిండి నురగలో కలిసి నీళ్ళంతటా పరుచుకునేది. దాన్ని కారచేపలు తినేవి. కారచేపలంటే అరచేతిలో పట్టేంత చిన్నవి, వెండిరేకుల్లా తళతళలాడుతూ గుంపులు గుంపులుగా తిరుగుతాయి. ఆ కారచేపల్ని టేకులు తినేవి. టేకుల్ని కొమ్ముల సొర తినేది. ఆ సొర తలకి అటూ ఇటూ కొమ్ములు పొడుచుకొచ్చినట్టు ఉంటాయి, ఆ కొమ్ముల చివరే దాని కళ్ళు.

ఎవరికి ఎవరు భయపడాలో అందరికీ తెలుసు. ఎవరి కడుపూ కాలేది కాదు.

నూకాలు ఎవరితోనూ కలిసేది కాదు. తన వేట తనది, తన తిండి తనది. పక్కన ఇంకో చేప నీడ పడినా తోకతో ఒక్కటి విదిల్చేది. కారచేపలు దూరం నుంచే దాన్ని చూసి చెదిరిపోయేవి. అలా చెదిరిపోతుంటే నూకాలుకి ముచ్చటగా ఉండేది.

ఆ యేడు నూకాలు కడుపుతో ఉంది. టేకులు పిల్లల్నే కంటాయి, గుడ్లు పెట్టవు. కడుపులో పిల్లలు కదిలినప్పుడల్లా అది ఈత ఆపి, కాసేపు అలాగే నీళ్ళలో నిలబడి, ఆ కదలిక వినేది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సరిగ్గా ఆ యేడే కొండల మీద చినుకు పడలేదు. ఏరు సన్నబడింది. కాలవంత అయింది, దారమంత అయింది. చివరికి మొగకి ఇసుక అడ్డంపడి మూసుకుపోయింది. అల మాత్రం ఎప్పటిలాగే వచ్చి ఒడ్డున విరుగుతూనే ఉంది. కానీ వట్టి తిరగలి తిప్పితే పిండెక్కడిది?

నీళ్ళు అద్దంలా తేటపడ్డాయి. చూడ్డానికి ఎంత బాగున్నాయో చెప్పలేం. ఆ తేటనీళ్ళలో తినడానికి నలుసంత కూడా లేదు. కారచేపలు ఎండుటాకుల్లా పల్చబడిపోయాయి. ఓపికున్నవి లోపలి సముద్రానికి వలసపోయాయి, లేనివి ఒడ్డు దగ్గర నురగలో తలదాచుకున్నాయి. నూకాలు ఒకటీ అరా పట్టి తింటే పొలుసు తప్ప నోటికేమీ తగల్లేదు. కడుపులో పిల్లల కదలిక కూడా మందగించింది.

అప్పుడు నూకాలుకి మొదటిసారి భయం పట్టుకుంది.

అది అల దగ్గరికి వెళ్ళి తిండి అడిగింది. అల ఆగి మాట్లాడేది కాదు కదా, వస్తూ ఒక మాట, పోతూ ఒక మాట చెప్పింది. తను నూరేదే తప్ప పండించేది కాదంది. ఇన్నాళ్ళూ తను నూరినదాంట్లో సగం కిందకి దిగిపోయిందనీ, అదంతా ఇసుక దగ్గరే ఉంటుందనీ, వెళ్ళి ఇసుకనడగమనీ చెప్పి వెనక్కి పోయింది.

నూకాలు నీళ్ళ నడుమన నిలబడి, కిందకి చూసి ఇసుకని పిలిచింది. ఇసుక ముసలిది. ఎవరైనా పిలిస్తే వెంటనే పలకదు. చాలాసేపటికి పలికింది.

"ఉంది తల్లీ. ఆల్చిప్పలున్నాయి, పురుగులున్నాయి, గుల్లలున్నాయి. అంతా నా కడుపులోనే ఉంది. పైనుంచి అడిగినవాళ్ళకి నేను ఇయ్యలేను. నడుం వంచినవాళ్ళకే ఇస్తాను."

ఆ మాట నూకాలుకి గుచ్చుకుంది. తనలాంటి దొడ్డ చేప ఇసుకకి వంగడమేమిటి? అయినా ఆకలి ఊరుకోదు. తల కిందకి పెట్టి, ముక్కుతో ఇసుకని ఒక్క పోటు పొడిచింది. నోటినిండా ఇసుక, కళ్ళనిండా ఇసుక. ఆల్చిప్ప కాదు కదా, దాని పెంకు కూడా దొరకలేదు. మళ్ళీ పొడిచింది, మళ్ళీ ఇసుకే.

అల వెనక్కి తగ్గినచోట ఒక ఎర్రపీత తన బొరియ ముందు కూర్చుని ఇదంతా చూస్తోంది. తవ్వడానికి కాళ్ళుండాలి, నీకు కాళ్ళెక్కడున్నాయని అడిగి, జవాబు కోసం చూడకుండా బొరియలోకి పోయింది.

రోజులు గడిచాయి. ఒకనాటి పొద్దున్న నూకాలుకి ఇక ఈదే సత్తువ కూడా మిగల్లేదు. మెల్లగా, తనకి తెలీకుండానే కిందకి జారి, బోర్లా ఇసుక మీద వాలిపోయింది. అంతకుముందెప్పుడూ అది అంత కిందకి దిగింది లేదు. ఇసుక చల్లగా ఉంది. నూకాలు కళ్ళు మూసుకుని, రొప్పుతూ, అలాగే పడుకుంది.

అది రొప్పుతుంటే నోట్లోంచి వచ్చే నీరు ఇసుకని తోసింది. ఆయాసానికి పక్కరెక్కలు కొట్టుకుంటుంటే ఇసుక ఇంకాస్త చెదిరింది. కాసేపటికి దాని పొట్ట కింద చిన్న గుంట పడింది. ఆ గుంటలో ఏదో గట్టిగా, నున్నగా తగిలింది. నూకాలు తల వంచి, అతికష్టం మీద నోరు అక్కడికి చేర్చి, పట్టి కొరికింది.

ఆల్చిప్ప.

పెంకు పటుక్కున పగిలింది. లోపలి మెత్తటి కండ నోట్లో పడగానే దానికి కళ్ళనీళ్ళొచ్చాయి. సముద్రంలో కళ్ళనీళ్ళు ఎవరికి కనపడతాయి గనక, అది ఏడుస్తూనే నమిలింది.

ఆనాటినుంచి చూడాలి నూకాలు చాకిరీ. పొద్దు పొడిస్తే చాలు, ఇసుక మీద బోర్లా పడుకునేది. రెక్కలు టపటపా కొట్టేది. నోటితో నీరు చిమ్మేది. ఇసుక మేఘంలా లేచేది. లోపలెక్కడో ఆల్చిప్ప చిక్కేది. దాన్ని నమిలి, ఇంకొంచెం ముందుకి జరిగి, మళ్ళీ మొదలుపెట్టేది. పొట్ట ఇసుకకి రాసుకుని తెల్లగా అరిగిపోయింది. రెక్కలు కొట్టీ కొట్టీ వెడల్పయ్యాయి. నోరు మాటిమాటికీ కిందకి వంచడంతో మెల్లమెల్లగా కిందకే జారి అక్కడే స్థిరపడిపోయింది. గుమ్మడికాయలాంటి ఒళ్ళు రోజురోజుకీ చదునవుతోంది. ఒకసారి ఎండ సూటిగా నీళ్ళలోకి దిగినప్పుడు నూకాలు ఇసుక మీద తన నీడ చూసుకుంది. నీడ చేటంత వెడల్పుగా ఉంది. ఎవరిదో అనుకుని తోక విదిల్చింది. నీడ కూడా విదిల్చింది. అప్పుడు తెలిసింది తనదేనని.

అందం పోయిందని అది బాధపడలేదు. కడుపులో పిల్లలు మళ్ళీ కదులుతున్నాయి. అది చాలు.

అయితే నూకాలు తవ్వేటప్పుడు ఆల్చిప్ప ఒక్కటే బయటపడదు కదా. సన్నటి పురుగులు, గోరంత రొయ్యలు, పెంకు ముక్కలకంటిన కండ, ఇవన్నీ ఇసుకమేఘంలో పైకి లేచేవి. నూకాలుకి అవి కనపడేవే కాదు. నురగలో దాక్కున్న కారచేపలకి మాత్రం వాటి వాసన తగిలింది. ముందొకటి వచ్చింది, తరవాత రెండొచ్చాయి, చివరికి గుంపంతా వచ్చి నూకాలు వెనక చేరి, ఎగిరిపడే నలుసుల్ని ఏరుకు తినడం మొదలెట్టాయి.

నూకాలుకి ఒళ్ళు మండిపోయింది. తను ఒళ్ళరగదీసుకుని తవ్వుతుంటే ఇవి వెనకనుంచి వచ్చి మేస్తాయా అనుకుంది. తోక విసిరింది, మీదకి ఉరికింది. చెదిరిపోయినట్టే పోయి అవి మళ్ళీ వచ్చేవి.

ఆ గుంపుకి పెద్దది ఎల్లాయమ్మ. ముసలి కారచేప. వెండి రంగు కొంచెం మాసింది గానీ చూపు చురుకు. ఒకరోజు అది నూకాలు ఎదటికి వచ్చి నిలబడి నెమ్మదిగా చెప్పింది. నువ్వు తినేది ఆల్చిప్ప, మేం తినేది నువ్వు చూడను కూడా చూడని దుమ్ము, ఇందులో నీకు పోయేదేముందమ్మా అని అడిగింది.

"నేను తవ్విన గుంట నాది. అందులో దుమ్మూ నాదే," అంది నూకాలు.

అనడమే కాదు, అప్పటినుంచి ఒక కొత్త పని పెట్టుకుంది. తిన్నాక గుంటలోకి ఇసుక తోసి పూడ్చేసేది. ఇంకెవరికీ నలుసు కూడా దక్కకూడదని పట్టుదల. తవ్వడానికి ఎంత కష్టమో పూడ్చడానికీ అంతే కష్టం. రెండు పనులతో ఒళ్ళు హూనమయ్యేది. అయినా మానలేదు. కారచేపలు కొన్నాళ్ళు చుట్టూ తిరిగి, ఇక లాభం లేదని మళ్ళీ నురగలోకి పోయాయి. నూకాలు చుట్టూ నీళ్ళు బోసిపోయాయి. ఇప్పుడు హాయిగా ఉందనుకుంది.

ఒక మధ్యాహ్నం అది పెద్ద గుంట తవ్వుతోంది. అడుగున కొవ్వు పట్టిన ఆల్చిప్పలు వరసగా ఉన్నాయి. రెక్కలు జోరుగా కొడుతుంటే చుట్టూ ఇసుక కమ్మేసింది. తన తోక తనకే కనపడటం లేదు. ఆ సమయంలో కొమ్ముల సొర అటు వచ్చింది.

సొరకి కూడా ఆకలే మరి. కారచేపలు పల్చబడితే టేకులు పల్చబడ్డాయి, టేకులు పల్చబడితే సొర డొక్కలు లోపలికి పోయాయి. నీళ్ళలో టేకుల జాడే లేకుండా పోయిందే అని తీరమంతా గాలిస్తోంది. ఇసుకమేఘం చూసింది. మేఘం కింద ఎవరో ఉన్నారని దానికి తెలిసిపోయింది. చప్పుడు లేకుండా వెనకనుంచి వచ్చి, తన వెడల్పాటి తలతో నూకాలు వీపు మీద ఒక్కసారిగా అదిమింది.

నూకాలు ఒంట్లో ఇంకా మిగిలున్న గుండ్రమంతా ఆ దెబ్బకి అణిగిపోయింది. పక్కలనున్న కళ్ళు రెండూ వీపు మీదకి ఎక్కేశాయి. నోరు ఇసుకలో కూరుకుపోయి ఊపిరాడలేదు. గిలగిలా కొట్టుకుంది గానీ సొర తల కదల్లేదు.

"ఆకలి నీ ఒక్కదానికేనా నూకాలూ," అంది సొర. కసిగా కాదు, ఉన్న మాట చెప్పినట్టు అంది.

నూకాలుకి తన ప్రాణం గుర్తుకి రాలేదు. కడుపులో పిల్లలు గుర్తొచ్చాయి. అవి ఇంకా వెలుగు చూడలేదు. వాటికోసమే కదా ఇంత ఇసుక తవ్వింది అనుకుంది. కొత్తగా వీపు మీదకొచ్చిన కళ్ళతో పైకి చూసింది. సొర కొమ్ము, దాని చివర చల్లటి కన్ను, ఆ పైన ఎండ పడి మెరిసే నీళ్ళు కనిపించాయి.

ఆ నీళ్ళలో ఉన్నట్టుండి మెరుపు మెరిసింది.

ఒక మెరుపు కాదు. వందల మెరుపులు. కారచేపల గుంపంతా నురగలోంచి దూసుకొచ్చి, సొర కళ్ళ ముందు ఒక్కసారిగా పక్కకి తిరిగింది. ఎండ వాటి వెండి ఒళ్ళమీద పడి సూటిగా సొర కంట్లో కొట్టింది. సొరకి ఒక కన్ను ఇటు, ఒక కన్ను అటు కదా. గుంపు రెండుగా చీలి రెండువైపులా మెరిసింది. ఎల్లాయమ్మ అందరికంటే ముందుంది. సొర కళ్ళు చెదిరి, తల ఎత్తి నోరు విసిరింది. ఎల్లాయమ్మ తోక కొస తెగి దాని పళ్ళలో పోయింది.

ఆ ఒక్క క్షణం చాలు. నూకాలు ముందుకి జారింది. సొర వెనక్కి తిరిగి దాని తోక పట్టుకుంది. నూకాలు బలమంతా కూడదీసి ఒక్క గుంజు గుంజింది. సొర పన్ను ఒకటి ఫెళ్ళున విరిగి తోకలోనే దిగబడిపోయింది. నొప్పికి కళ్ళు బైర్లు కమ్ముతున్నా నూకాలు ఆగకుండా ఇసుకలో రెక్కలు కొట్టి, కొట్టిన ఇసుకని తన మీదే కప్పుకుని, కళ్ళు మాత్రం బయటపెట్టి కదలకుండా పడుకుంది. ఇప్పుడది ఎంత చదునుగా ఉందంటే, దానికీ ఇసుకకీ తేడా లేదు. నోరు ఇసుక కింద ఉంది కదా, ఊపిరెలా? కళ్ళ వెనక సొర తల ఒత్తినచోట రెండు కన్నాలు పడ్డాయి. వాటిలోంచి నీళ్ళు పీల్చుకుంది.

సొర తలని అటూ ఇటూ ఊపుతూ ఇసుక మీద వెదికింది. పక్కనుంచే పోయింది. మళ్ళీ వచ్చింది. చివరికి విసుగొచ్చి లోపలి సముద్రం వైపు వెళ్ళిపోయింది.

పొద్దు వాలుతుంటే నూకాలు ఇసుక దులుపుకుని లేచింది. ఎల్లాయమ్మ కొంచెం దూరంలో, తెగిన తోకతో వంకరగా ఈదుతోంది. నూకాలు దాని దగ్గరికి వెళ్ళింది. తను పుట్టిన దగ్గర్నుంచి ఎంతమంది కారచేపల్ని మింగిందో అదంతా గుర్తొచ్చింది.

"నన్నెందుకు కాపాడేవు మామ్మా?" అని మాత్రం అడిగింది.

ఎల్లాయమ్మ దాచుకోలేదు. "నీ మీద ప్రేమ కాదు తల్లీ. నువ్వు పోతే ఇసుక మూసుకుపోద్ది. దాన్ని తెరవడం ఇంకెవరికి చేతనవును? మా పిల్లలకి ఆకలేస్తే ఎవర్ని అడగమంటావు?"

నూకాలు తల దించుకుంది. ఇకమీదట కారచేపని కన్నెత్తి చూడనని మాటిచ్చింది. ఎల్లాయమ్మ దాని మొహం కిందకీ పైకీ చూసి, చూసినా ఏం చెయ్యగలవులే, నీ నోరు పొట్ట కిందకి పోయింది కదా అంది. అప్పుడు నూకాలు నవ్వింది. ఆ తీరంలో నూకాలు నవ్వడం ఎవరూ అంతకుముందు చూడలేదు.

ఇద్దరూ మాట్లాడుకుని ఒక ఒప్పందానికి వచ్చారు. నూకాలు తవ్వుతుంటే కారచేపలు వెనక చేరి ఏరుకు తినాలి. ఇసుకమేఘంలో నూకాలుకి ఏమీ కనపడదు గనక, నాలుగు దిక్కులూ అవే చూస్తుండాలి. సొర నీడ కనబడగానే అందరూ ఒక్కసారిగా పారిపోవాలి. చెప్పనక్కరలేదు, కేకెయ్యనక్కరలేదు. వెనక సవ్వడి ఆగిందంటే నూకాలు తవ్వడం మాని ఇసుక కప్పుకుంటుంది.

ఆ సాయంత్రమే నూకాలు ప్రసవించింది. పిల్లలు చుట్టచుట్టుకున్న ఆకుల్లా బయటికొచ్చి, నీళ్ళు తగలగానే విప్పుకున్నాయి. ఒక్కటీ గుండ్రంగా లేదు. తల్లి ఎంత చదునో అవీ అంత చదును. నోరు కింద, కళ్ళు పైన, తోక మీద గోరంత ముల్లు. అవి పుట్టీపుట్టగానే ఇసుక మీద వాలి, చిట్టి రెక్కలు కొట్టి, ఇసుక కప్పుకుని కనుగుడ్లు మాత్రం బయటపెట్టి చూశాయి. నూకాలు ఎన్నాళ్ళో కష్టపడి నేర్చుకున్నది వాటికి ఎవరూ నేర్పలేదు. కారచేపలు చుట్టూ మూగి చూస్తూ ఉండిపోయాయి.

ఇక్కడితో అయిపోలేదు. ఇంతమందీ తింటున్నారు సరే, తినబడేవాళ్ళ మాటేమిటి?

కొన్నాళ్ళకి ఒక ముసలి ఆల్చిప్ప ఇసుకలోంచి సగం పైకి వచ్చి నూకాలుని ఆపింది. పెంకు తెరిచి, తన గోడు చెప్పుకుంది. వాళ్ళది పరుగెత్తే జాతి కాదు, కొరికే జాతి కాదు. ఎవరి జోలికీ పోకుండా ఇసుకలో కూర్చుని, పైనుంచి రాలే పిండి తిని బతుకుతారు. ఇప్పుడు ఇంటికప్పు తీసి మరీ పట్టుకుపోతుంటే వంశం నిలవదంది. నన్ను తిన్నా తినుగానీ, నా మనవలుండే చోటు చెప్పు, అంది.

నూకాలుకి తన పిల్లల్ని తలుచుకుంటే ఆల్చిప్ప మనవలు కూడా గుర్తుకొచ్చారు. తినకుండా ఉండలేదు, తింటే వీళ్ళు మిగలరు. దిక్కుతోచక ఇసుకనే అడిగింది. ఇసుక ఎప్పటిలాగే ఆలస్యంగా పలికి, సొర వచ్చిన నాటి గుంట దగ్గరికి ఇద్దర్నీ పోయి చూడమంది.

ఆల్చిప్ప నడవలేదు కదా. నూకాలు దాన్ని జాగ్రత్తగా నోట పట్టుకుని, పన్ను తగలకుండా మోసుకుపోయింది. ఆల్చిప్పకి గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో ఊహించుకోండి.

గుంటలు పూడ్చే అలవాటు నూకాలుకి ఇంకా పోలేదు గానీ, సొర మీద పడ్డ రోజు ప్రాణభయంతో ఆ గుంటని మాత్రం పూడ్చలేదు. అది అలాగే నోరు తెరుచుకుని ఉంది. చుట్టూ చదునైన ఇసుక మీద నీళ్ళు దేన్నీ నిలవనివ్వకుండా ఊడ్చుకుపోతాయి. గుంటలోకి వచ్చేసరికి నీరు సుడి తిరిగి నెమ్మదించింది. అల్లంత దూరంనుంచి కొట్టుకొచ్చిన నలుసులన్నీ అందులో జారి ఆగిపోయాయి. ఎండిపోయిన ఆ యేడు కూడా గుంట అడుగున వేలెడు మందాన మెత్తటి తిండి పేరుకుంది. అందులో సన్నపురుగులు కాపురం పెట్టాయి. రొయ్యపిల్లలు గంతులేస్తున్నాయి. వాటి మధ్య బియ్యపుగింజంత ఆల్చిప్ప పిల్లలు ఇసుకలోకి దిగి కుదురుకుంటున్నాయి.

ముసలి ఆల్చిప్ప పెంకు తెరిచి అంతా చూసింది. పైనుంచి రాలేదాకా కాచుకుని కూర్చున్న తన జాతికి ఇంత తిండి ఒక్కచోట ఎప్పుడూ దొరకలేదు. తరవాత, తవ్విన చోట మళ్ళీ వెంటనే తవ్వకుండా ముందుకి పోతుండు, తవ్విన గుంట మాత్రం పూడ్చకు అంది. నూకాలు సరేనంది. దాన్ని ఆ గుంటలోనే దింపి, వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళింది. తన చేతుల్లేని ఒళ్ళు ఇన్ని బతుకులకి చోటు చేస్తుందని అది ఎప్పుడూ అనుకోలేదు.

మరుసటేడు కొండల మీద వానలు కుమ్మేశాయి. ఏరు పొంగి మొగని బద్దలుకొట్టుకుని సముద్రంలో పడింది. ఆకూ అలమూ వచ్చాయి, అల తిరగలి మళ్ళీ గరగరలాడింది. వలసపోయిన కారచేపలు తిరిగొచ్చాయి. నీళ్ళలో పిండి, నురగలో పిండి.

నూకాలు కూడా ఒకసారి పైకి వెళ్ళి, పూర్వంలా నీళ్ళ నడుమన ఈది చూద్దామనుకుంది. తోక విదిలిస్తే ముందుకి పోలేదు. అప్పుడు ఇసుక తవ్వీ తవ్వీ వెడల్పైన రెక్కలు విప్పి మెల్లగా ఊపింది. ఒళ్ళంతా ఒక్క రెక్కలా లేచింది. నీళ్ళలో గద్ద ఎగిరినట్టు, చప్పుడు లేకుండా, తేలికగా పోయింది. పిల్లలు వరసగా వెనక ఎగురుతున్నాయి. తీరంలో చేపలన్నీ తిండి మానేసి అలా చూస్తూ నిలబడిపోయాయి. రాళ్ళ సందుల్లో ఉండే చేపలు కూడా బయటికొచ్చి చూశాయి.

ఒక చుట్టు తిరిగి నూకాలు మళ్ళీ ఇసుక మీదకే దిగింది. రెక్కలు కొట్టి తవ్వడం మొదలెట్టింది. కాసేపటికి వెనక చిన్నగా సవ్వడైంది. నీళ్ళనిండా పిండి ఉన్నా ఎల్లాయమ్మ, వంకర తోకతో, తన గుంపుని వెంటబెట్టుకుని వచ్చింది.

అప్పటినుంచే టేకు చేప చేటలా చదునుగా ఉంటుంది. దాని నోరు పొట్టకింద, కళ్ళు వీపు మీద. సొర పన్ను మిగిలిపోయిన తోకలో రంపంలాంటి ముల్లుంది, దాని జోలికి పోకూడదని పడవవాళ్ళు పిల్లలకి చెప్తారు. కొమ్ముల సొర ఇప్పటికీ తలని అటూ ఇటూ ఊపుతూ ఇసుక మీద వెదుకుతూనే ఉంటుంది. టేకు ఎక్కడ ఇసుక తవ్వితే అక్కడ చిన్నచేపలు దాని వెనకే ఉంటాయి, అవి ఉన్నట్టుండి చెదిరిపోతే టేకు ఇసుకలో మాయమైపోతుంది. పోటు తీసి నీళ్ళు వెనక్కి పోయినప్పుడు తడి ఇసుక మీద పళ్ళెమంత గుంటలు అక్కడక్కడా కనిపిస్తాయి. వంగి చూస్తే ఒక్కో గుంటలో చారెడు నీళ్ళు, ఆ నీళ్ళలో రొయ్యపిల్లలు, అడుగున బియ్యపుగింజలంత ఆల్చిప్పలు ఉంటాయి. టేకు ఆ గుంటల్ని పూడ్చకుండా ముందుకి వెళ్ళిపోయింది.